గౌడవెల్లిలో కురిసిన మంచు

గౌడవెల్లిలో మంచు కురవడం ఎవరూ చూడలేదు. అయినా అక్కడి చర్చిలో క్రిస్మస్‌కు కట్టే పశువుల పాక కప్పు మీద ఏటా తెల్లని మంచు పరుచుకుని ఉండేది. తెచ్చేవాడు అబ్రహాం. మేడ్చల్ దగ్గరి సిమెంటు రేకుల కంపెనీలో ఆస్బెస్టాస్ సంచులు కోసి, వాటిలోని పీచును యంత్రంలో పోయడం అతని పని. "దూది లెక్కనే ఉంటది, తీస్కపో" అన్నాడు మేస్త్రీ తొలిసారి. భార్య ఎలీషమ్మ ఆ పీచును ఒడిలో పెట్టుకుని వేళ్లతో విడదీసేది. తక్కిన రోజుల్లో అతని చొక్కాలు దులిపి ఉతికేది.

ఈ ఏడు ఎలీషమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతోంది. ఊపిరితిత్తుల పైపొరకు క్యాన్సర్ అనీ, ఆ పీచు వల్ల వచ్చేదేననీ డాక్టరు తేల్చాడు. "ఏ కంపెనీలో చేశావమ్మా?" అని అడిగాడు.

"నేను గేటు సుత సూడలె సారూ. ఈయన జీతం తెచ్చిండు, దుమ్ము తెచ్చిండు. జీతం ఖర్చయింది, దుమ్ము మిగిలింది."

వకీలు శేఖర్ సంగతి విప్పి చెప్పాడు. ఆ పీచు వల్ల పనివాడికి జబ్బు చేస్తే పరిహారం ఇప్పించే చట్టం ఉంది. ఇంట్లో అతని బట్టలుతికిన మనిషికి అది వర్తించదు. ఆమె సివిల్ కోర్టుకు వెళ్లవలసిందే. "మంచు ముచ్చట మాత్రం ఎక్కడా ఎత్తకు అబ్రహాం. నువ్వే దొంగతనంగ మోసుకపోయినవని తప్పంత నీ మీదికే తోస్తరు."

అబ్రహాం నోరు కుట్టుకున్నాడు.

శనివారం పొద్దున పాటల బృందంలోని రెబెక్కా వచ్చి గడపలో నిలబడింది. "పెద్దబాపూ, గీసారి మంచేది? దాసుకున్నవా ఏంది?"

"ఒడిసింది బిడ్డా."

"పరేషాన్ గాకు. నిరుటిది సగం మూట చర్చిలనే ఉంది. పోరగాండ్లు అప్పుడే ఇప్పిండ్రు. ఒకని మీద ఒకడు ఊదుకుంటుండ్రు, మస్తు ఖుషీ!"

ఎలీషమ్మ భర్త వైపు చూసింది. "ఏం సూస్తున్నవయ్యా? ఉరుకు."

"కేసు పోతదే."

"నా పానమే పోతాంది. కేసును నేనేం జేసుకోను? ఉరుకు!"

అతడు పరుగెత్తాడు. చర్చిలో పిల్లల తలలు ఒక్కసారిగా నెరిసినట్టు తెల్లగా ఉన్నాయి. అందరినీ బయటికి తరిమి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అలికిడికి గుమిగూడినవారిలో, ఆ దారిన పోతున్న కంపెనీ కాంట్రాక్టరు లింగం కూడా ఉన్నాడు. అతణ్ణి చూసి కూడా అబ్రహాం ఆగలేదు.

"ఎవ్వరు లోపలికి పోకుండ్రి, ఊడ్వకుండ్రి. పోరగాండ్లకు జల్దీ తానం పోయుండ్రి. అది మంచు గాదు, కంపెనీ విషం. నేనే తెచ్చిన, తెల్వక తెచ్చిన. నా ఎలీషమ్మను అదే తింటాంది."

లింగం తాపీగా జేబులోంచి ఫోను తీశాడు. "నువ్వే తెచ్చినవన్నమాట. అందరు ఇన్నరు గదా?"

ఆ పీచు ఏమిటో కంపెనీకి తెలుసు, అబ్రహాంకు తెలియదు. రేపు కోర్టులో దోషిగా చూపబోయేది తెలియనివాణ్ణే. కార్మికుని చొక్కా మీది దుమ్ము ఏ గడప దాకా వెళుతుందో, యజమాని బాధ్యత కూడా ఆ గడప దాకా వెళ్లాలి. అంత దూరం నడవని చట్టం కార్మికుణ్ణి కాదు, కంపెనీ గేటును కాపలా కాస్తున్నట్టే.