దవడలో గుంత

ఎర్రావు పొదుగు కింద చెంబు పెట్టుకుని కూర్చోగానే యమున నాలుక దానంతటదే కుడి దవడ చివరికి పోయింది. నిరుడు జ్ఞానదంతం పీకించిన చోట గుంత ఇంకా పూడలేదు. దాని ముందున్న పన్నును నాలుకతో తోసింది. కదిలింది. నిన్న ఇంత కదల్లేదు. ఆమె చేతులు ఆగిపోయాయి. ఆవు కాలెత్తింది.

నిరుడు పన్ను పీకిన డాక్టర్లు వారం రోజులు పనులు చేయొద్దన్నారు. ఆ సాయంత్రమే పుంగనూరులో బస్సు దిగి, నోట్లో దూదితోనే పాలు పిండింది. "పీకింది పన్నే గదా, చెయ్యి గాదే," అన్నాడు భర్త గిరీష్. అత్త ఆదిలక్ష్మమ్మ నవ్వింది. "నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిల్తే ఎర్రావు తన్నుతాది. నేనేం జేసేదమ్మా?" పెళ్లయిన కొత్తలో ఆ మాటకే యమున పొంగిపోయేది.

మర్నాడు మదనపల్లెలో పళ్ల డాక్టర్ నీరజ ఎక్స్‌రే చూపించింది. తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా ఉంది.

"ఎముక కరిగిపోయింది. ఇట్లే వదిలేస్తే ఈ పన్ను ఊడుతుంది. ఆ తర్వాత దాని పక్కది. ఎముక నింపి కుట్లు వేయాలి."

"ఏం ఎముకమ్మా?"

"శుద్ధి చేసిన ఆవు ఎముక పొడి ఉంది. వద్దంటే మీ గడ్డం ఎముకలోంచే కొంచెం తీస్తాం. అప్పుడు గాయాలు రెండు. పది రోజులు పని చేయకూడదు."

యమున బయటికొచ్చి గిరీష్‌కు ఫోన్ చేసింది.

"ఆవెముకా! అది నోట్లో పెట్టుకోని ఆవుల్నెట్ల ముట్టుకుంటావు? అమ్మ గడప తొక్కనిస్తాదా?"

"నాదే తీస్తారంట. పది రోజులు..."

"పది రోజులు పాలెవురు పిండేది? ఏల ఈ తంటా? ఆ పన్నూ పీకిచ్చేసి రా. పొద్దుగూకే లోపల ఈడుండాల."

ఒక్కొక్క పన్నే పీకించుకుంటూ, ప్రతి సాయంత్రం అదే పొదుగు దగ్గర కూర్చునే ముసలిదొకతె కళ్లముందు కనిపించింది. నోరు లోపలికి పోయింది. చేతులు మాత్రం తనవే.

లోపలికెళ్లి కుర్చీలో పడుకుంది. ట్రేలో సూదులు చూసి కళ్లు మూసుకుంది.

"భయమా?" అంది నీరజ.

"శానా భయంగా ఉండాదమ్మా. నాదే తీయండి. ఇన్నాళ్లూ నాలోంచి తీసిందంతా ఆ ఇంటికే పోయింది. ఇదొక్కటి నాకే పెట్టండి."

సంచిలో ఫోన్ మోగింది. ఎర్రావు పాలు చేపే వేళవుతోంది. యమున నోరు తెరిచింది.