వెలుగు దించడం

“తమ్ముడూ, నీ చెయ్యి కావాలిరా,” అని మా అక్క ఫోన్ చేసింది.

ఏ పనికని నేనడగలేదు. అడిగితే చెప్పడానికి ఆవిడకు పూట పడుతుంది. బోరు మోటార్లు బిగించే సామాను సంచీలో వేసుకుని బయల్దేరాను. వెళ్ళాక తెలిసింది, కావలసింది నిజంగా చెయ్యే. మా వైపు మగాళ్ళు నిలబడితే వేళ్ళు మోకాళ్ళకు తగులుతాయి. మా బావవి పొట్టి చేతులు. ఆయన తెచ్చుకున్న గాజుతొట్టేమో నా చెయ్యంత లోతు.

బావ కట్టుడుపళ్ళు చేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. బల్ల మీద మైనపు చిగుళ్ళు, చిన్న ఆకురాళ్ళు, వరసలు వరసలుగా ఎవరివో నవ్వులు. ఎదురుగోడ పొడుగునా ఆ తొట్టి. మూతబడిన హోటలు వాళ్ళు తీసేస్తుంటే ఆరుగురి చేత మోయించి తెచ్చాడట. “లోతుంటేనే సముద్రంరా, లేకపోతే బకెట్టే,” అన్నాడు నాతో. నేను తలూపాను.

తొట్టి నిండా ఉప్పునీళ్ళు, గుట్టగా రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు. పగడమంటే ఉంగరంలో ఎర్రపూస అనుకునేవాణ్ణి. అది తింటుందనీ, ముడుచుకుంటుందనీ, అలుగుతుందనీ ఆ ఇంట్లోనే చూశాను.

అలిగింది ఒకటే. అన్నిటికన్నా అడుగున, ఇసకలో ఉండేది. పిడికెడంత, మెదడులా మడతలు మడతలుగా. ఈ లోతు తొట్టిలోకి రాకముందు తడిసిన పట్టుగుడ్డలా ఉబ్బి, ఆకుపచ్చ మీద ఎర్ర అంచుతో మెరిసేదట. అక్క దానికి మహారాణి అని పేరు పెట్టింది. నేను చూసేసరికి మహారాణి పిండి పారేసిన చేతిరుమాలులా ఉంది. మడతల అంచున తెల్లగా ఎముక తేలింది.

“పొద్దున లేస్తూనే నీ అక్క నా మొహం చూడదురా,” అన్నాడు బావ. “దాని మొహం చూస్తుంది.”

“దానికి మొహమైనా ఉంది,” అంది అక్క.

ఆ పగడం అక్కది కాదు, అదీ దిగులు. పైవాటాలో కాపురమున్న ఒక పెద్దావిడ ఇల్లు మారుతూ ఇచ్చి వెళ్ళింది. మేడమీదావిడ అనే అంటారు ఇప్పటికీ. ఇచ్చేటప్పుడే చెప్పింది: “బిడ్డనిస్తున్నా. చిక్కిపోయిందో, వచ్చి తీసుకుపోతా. నాకు మొహమాటాల్లేవు.” ఈ నెలాఖరులో వస్తానని కబురు పంపింది. అప్పటికి మహారాణి ఉబ్బకపోతే అక్క చేతుల్లోంచి పోతుంది. అక్క నన్ను అంత తొందరగా ఎందుకు పిలిపించిందో అప్పుడర్థమైంది.

“రాళ్ళ మీద పైకి పెడితే పోలా?” అన్నాను. ఆ ఇంట్లో నా మొదటి మాట అదే.

“అమ్మో, నోట్లోంచి ముత్యం రాలింది!” అన్నాడు బావ. అప్పటినుంచి నన్ను ముత్యాలు అనే పిలిచాడు.

పైన పెట్టడానికి లేదట. అది ఇసకలో పడుండే జాతి. రాయి మీద ఉబ్బితే ఒరుసుకుని ఒళ్ళు చినుగుతుంది. అది పైకి రాదు కాబట్టి వెలుగే కిందికి దిగాలి. పాత గొట్టపు లైట్లు పైనున్న పగడాలకు సరిపోతున్నాయి. అడుక్కి చేరేలోపు వాటి వెలుగును నీళ్ళు తాగేస్తున్నాయి.

ముగ్గురం చేపల కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన గాలి పంపుల రొదలో బతికి బతికి మామూలు మాట కూడా కేక వేసే చెబుతాడు. బావ అన్నిటికన్నా పెద్ద లైటు మీద చెయ్యి వేశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత తొందరగా ఒప్పుకోలేదని అక్క అంది.

“అది వెడల్పు తొట్లకండీ!” అని అరిచాడు కొట్టాయన. “వెలుగు పరుచుకుంటుంది గానీ దిగదు!”

“పెద్దది కదయ్యా?”

“పెద్ద నోరున్నంత మాత్రాన గొంతు దూరం పోతుందాండీ?”

బావ లైటు మీంచి చెయ్యి తీశాడు. అక్క మాత్రం చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద కూర్చుంది. “ఒక్కొక్కటీ వేసి చూపించండి. పైన ఎలా ఉంటుందో నాకొద్దు. ఇదిగో, ఇక్కడికి ఏది వస్తుందో చూపించండి,” అని అరచెయ్యి నేలకు ఆనించింది.

కొట్టాయన ఒక్కొక్కటే వేలాడదీసి వెలిగించాడు. గొట్టపు లైటు అక్క అరచేతిలో పాలు కలిపిన నీళ్ళలా వెలవెలబోయింది. పెద్దది గదంతా పరుచుకుంది గానీ అరచేతికి రాలేదు. మూడోది సన్నటిది, దాని బల్బులకు లోతైన గాజుబుడిపెలు. వెలుగు ఎటూ చెదరకుండా నిటారుగా దిగింది. నడిమధ్యాహ్నం బావిలోకి తొంగిచూస్తే ఎండ అడుగు రాళ్ళను తాకుతుందే, అలాగ. అక్క అరచెయ్యి నీలంగా మండింది.

“ఇదీ,” అంది. చెయ్యి తియ్యలేదు.

“కొత్త లైటు, పగడాలు బెదురుతాయి!” అని కొట్టాయన పెట్టె కడుతూ అరిచాడు. “మొదట్లో బాగా దించి పెట్టుకోండి! వారానికి కాస్త కాస్త పెంచుకుంటూ పోండి!”

బావ విన్నాడు. నేనూ విన్నాను. ఇద్దరికీ ఒకేలా వినపడింది.

ఇంటికొచ్చి కప్పుకు రెండు కప్పీలు బిగించి తాడుతో లైటు కట్టాం. బావ దించమన్నాడు, నేను దించాను. “ఇంకా, ఇంకా. బాగా దించమన్నాడుగా.” నీళ్ళకు జానెడెత్తులో ఆగాం. బావ తాడు మీద సుద్దతో గీతలు పెట్టాడు, వారానికో గీత పైకి లాగాలని. పని పద్ధతిగా చేశామని ఇద్దరం ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నాం.

లైటు వేశాడు.

ఏమని చెప్పను. గది గది కాకుండా పోయింది. గోడల మీద నీలం అలలు పాకాయి. రాళ్ళ మీద పగడాలు పచ్చగా, నారింజగా లోపల నిప్పు పెట్టినట్టు వెలిగాయి. బావ తల్లి, మా అత్తయ్య, కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. “నేను పోయానా ఏమిట్రా?” అంది. బావ పగలబడి నవ్వాడు. ఆయన పళ్ళన్నీ తెల్లగా మెరిశాయి, ముందు పన్ను ఒక్కటి తప్ప. అది నల్లగా, కిటికీ తెరిచినట్టుంది.

అక్క దగ్గరికొచ్చి చూసింది. “ఏవండీ. మీకో పన్ను లేదు.”

“ఉందే!” అని తడుముకున్నాడు.

“కట్టుడుపన్ను ఈ లైటులో మెరవదు కాబోలు,” అంది అత్తయ్య తాపీగా. “చిన్నప్పుడు గోడ దూకి విరగ్గొట్టుకున్నాడు. పెళ్ళికి ముందు వాళ్ళ గురువుగారే చేసి పెట్టారు.”

“ఇన్నేళ్ళ కాపురం! నాకు చెప్పలేదు!”

“అంత బాగా చేశారే ఆయన,” అన్నాడు బావ, దొరికిపోయిన సిగ్గులో కూడా వృత్తి గర్వం వదలకుండా.

ఇక చూడండి. పక్కింటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు, కట్టుడుపళ్ళకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు, అందరూ ఆ లైటు ముందు నిలబడి ఇకిలించడమే. ఒకాయన భార్యను లాక్కొచ్చి నవ్వమన్నాడు. ఆవిడవన్నీ మెరిశాయి. తరవాత ఆయన్ని నవ్వమంది. ఆయనకు పనుందట, వెళ్ళిపోయాడు. నేనూ ఒంటరిగా ఉన్నప్పుడు గాజులో చూసుకుని నవ్వాను. అంత నవ్వు నా మొహాన ఉన్నట్టు నాకే తెలియదు.

నాలుగు రోజులు ఆ ఇల్లు అలా తేలింది. అయిదో రోజు అక్క నవ్వడం మానేసింది.

పైనున్న పగడాలు ఎండకు వెలిసిన చొక్కాల్లా పాలిపోయాయి. చేపలు రాళ్ళ వెనక్కి చేరి బయటికి రావడం లేదు. మహారాణి మరీ కుంచించుకుపోయి, ఎముకకు అంటుకున్న తొక్కలా ఉంది.

“ఉప్పు ఎక్కువైందేమో,” అన్నాడు బావ.

“మీకెక్కువైంది,” అంది అక్క.

“మీ తమ్ముడి చెయ్యి వేడి చేసిందేమో. రోజూ ముంచుతున్నాడు.”

“వాడి చెయ్యి జోలికి వెళ్ళకండి. ఆ కొట్టాయనకి ఫోన్ చెయ్యండి.”

చేశాడు. కొట్టాయన కేకలు ఫోన్లోంచి గదంతా వినపడ్డాయి.

“చెప్పినట్టే దించారాండీ?”

“బాగా దించామండీ.”

“ఎంతకి దించారు?”

“జానెడుకి.”

కొట్టాయన కేక ఆగింది. పంపుల రొద ఒక్కటే వినపడింది. “జానెడేంటండీ? నేనడిగేది నూటికెంత అని!”

బావ నావైపు చూశాడు. నేను తొట్టి వైపు చూశాను. “నూటికీ జానెడేనండీ,” అన్నాడు బావ.

“లైటు కాదండీ మహానుభావా! వెలుగు! వెలుగు దించమన్నా! పక్కన గుండ్రటి మీటుంది చూడండి, అది!”

బావకు రోషం వచ్చింది. “వెలుగు దించడమేంటయ్యా! మూట దించుతాం, కుండ దించుతాం, పొయ్యి మీద గిన్నె దించుతాం. వెలుగుని తగ్గిస్తారు గానీ ఎక్కడైనా దించుతారా? తెలుగేనా అది?”

“తెలుగు సంగతి తరవాత. ఇప్పుడా మీట ఎక్కడుంది?”

బావ వంగి చూశాడు. “ఈ చివరన.”

“అది నిండా ఉన్నట్టండీ! నిండా ఉన్నదాన్ని తీసుకెళ్ళి నెత్తిన పెట్టారు! ముందు ఆ తల దించండి!”

“ఎవరి తల?”

“మీదేనండీ!”

అక్క కూలబడి నవ్వింది. ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు తెలియలేదు. లేచి, తాడు నా చేతికిచ్చింది. నేను లైటును కప్పు దాకా లాగి కట్టాను. మీట దగ్గరికి బావ చెయ్యి పోతుంటే అక్క చాచి ఒక్కటిచ్చింది. “ఇకనుంచి దీన్ని ముట్టుకునేది నేనే.” మీటను బాగా కిందికి తిప్పి, వెలుగు దారిలో పల్చటి వలగుడ్డ ఒకటి కట్టింది. రోజూ పొద్దున మీటను వెంట్రుకవాసి తిప్పేది. తిప్పి, నేల మీద కూర్చుని, గాజుకు ముక్కు ఆనించి అడుగు చూసేది. బావ కాఫీ తెచ్చి పక్కన పెట్టేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆయన మాట్లాడకపోతే ఇల్లు బోసిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పైవి తేరుకున్నాయి. చేపలు బయటికొచ్చాయి. వలగుడ్డ తీసేశాం. మహారాణి ఎముక మీద కాస్త ఆకుపచ్చ పాకింది. కాస్తే. ఉబ్బలేదు.

నెలాఖరు వచ్చింది, మేడమీదావిడా వచ్చింది. తెల్లటి జుట్టు, చేతిలో మూత ఉన్న బకెట్టు. చెప్పులు విప్పకముందే తొట్టి దగ్గరికి నడిచి, నడుం వంచి చూసింది. బిడ్డ చిక్కిపోయిందో లేదో అడగలేదు. “ఈ తొట్టి నీళ్ళే సగం పట్టవయ్యా దీనిలో,” అని బకెట్టు నాకిచ్చింది.

నేను పట్టాను. అక్క కొంగు మెలిపెడుతూ నిలబడింది. బావ చేసింది చేసినట్టు చెప్పాడు, జానెడు దగ్గర్నుంచి, తల దించడం దాకా. తప్పంతా తనదే అన్నాడు. మేడమీదావిడ పెదవి వణికింది గానీ నవ్వలేదు.

“నిండు వెలుగులో తీస్తే బెదురుతుంది,” అంది. “కాస్త చీకటి పడనివ్వండి. అప్పుడు తీద్దాం.”

అందరం కూర్చున్నాం. బయట పొద్దు వాలుతోంది. అక్క లేచి మీటను తిప్పుకుంటూ వచ్చింది. తెలుపు పోయింది, నీలం మిగిలింది, అదీ పల్చబడింది. అత్తయ్య ఒక్కతే, “ఇంతమందిమి కూర్చున్నది ఆ ఎముక ముక్క కోసమేనా,” అంది.

నేను చొక్కా చెయ్యి మడిచి ముక్కాలిపీట ఎక్కాను. నీళ్ళలో వేళ్ళు పెట్టబోతూ కిందికి చూశాను. ఆగాను.

“అక్కా,” అన్నాను.

ముడతల అంచున సన్నటి దారాలు లేస్తున్నాయి. ఒకటి, పక్కన ఇంకొకటి. తెల్లగా, వేళ్ళ చివర్లలా. వాటి వెనక ఒళ్ళు మెల్లగా, రొట్టెపిండి పొంగినట్టు, మడత విప్పుకుంటూ ఎముకను కప్పేసింది. ఆకుపచ్చ, దాని చుట్టూ ఎర్ర అంచు.

“ఆకలేసింది దానికి, ఇవి చీకట్లోనే నోరు తెరుస్తాయి,” అంది మేడమీదావిడ. “ఏమైనా పెట్టండి. తింటుందో లేదో చూద్దాం. తినకపోతే మాత్రం తీసుకుపోతా.”

బావ వంటగదిలోకి పరిగెత్తి రొయ్య ముక్క తెచ్చాడు. అక్క పొడుగు గాజుగొట్టంతో దాన్ని పట్టుకుని అడుక్కి దించింది. ముక్క తప్పి ఇసకలో పడింది. అందరం ఉసూరుమన్నాం. మళ్ళీ గొట్టంతో పీల్చి పట్టుకుంది. ఈసారి సరిగ్గా మడత మధ్యలో వదిలింది.

దారాలు ముక్కను తాకాయి. ఆగాయి. తరవాత ఒక్కొక్కటే వంగి దాన్ని పట్టుకున్నాయి. మడత మూసుకుంది. ముక్క లోపలికి జరిగింది.

“మింగింది!” అని అత్తయ్య కేక పెట్టింది. అంతసేపూ ఎముక ముక్క అన్న మనిషి. బావ గంతేసి బల్లకు తగిలాడు. నాలుగు జతల పళ్ళు కిందపడి గదంతా దొర్లాయి. నేనూ ఏదో అరిచాను, ఏమిటో గుర్తులేదు. అక్క గొంతుక్కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మేడమీదావిడ గాజుకు నుదురు ఆనించి చాలాసేపు చూసింది.

“నా దగ్గరున్నన్నాళ్ళూ దీనికి ఎర్ర అంచుందని నాకే తెలియదు,” అంది చివరికి. “బాబూ, ఆ బకెట్టులో నీళ్ళు మళ్ళీ తొట్లో పొయ్యి. అమ్మాయ్, ఇంకో ముక్క ఉందా? ఇప్పుడు నేను పెడతా.”