ఆర్లీన్ బండికి వెనక బరువు

మా ఊళ్ళో ట్రెయిలర్ పని చెయ్యనివాడు పాస్టరు ఒక్కడే. ఆయన కూడా కుర్రతనంలో రెండు వేసవులు కిటికీలు బిగించాడట. ఎల్కార్ట్ పట్నం చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంతే. కారు వెనక తగిలించుకుని దేశం తిరిగే చక్రాల ఇళ్ళు మా చేతుల మీదుగానే వెళతాయి. నేను నలభై ఏళ్ళు వాటి అడుగున ఉండే ఉక్కు చట్రాలకు వెల్డింగ్ చేశాను. మా ఎదురింటి ఆర్లీన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు వాటి పైకప్పు అంచులకు వాన దిగకుండా సీలెంట్ పూసింది. వేల బండ్లు ఆమె వేళ్ళ కింద నుంచి పోయాయి గానీ, ఒక్కదాంట్లోనూ ఆమె కునుకు తీసి ఎరగదు.

ఏప్రిల్లో రిటైరైంది. ఆ మరుసటి వారమే పదహారు అడుగుల చిన్న బండి కొనుక్కుంది. తేలిక రకం. గోడల్లో నురుగు పలకలు, సన్నటి అల్యూమినియం పట్టీలు, పైన ఫైబర్ తొడుగు. ఆమె చిన్న కారు లాగగలిగేది అంతవరకే. మే రెండో సోమవారం బయలుదేరి, సుపీరియర్ సరస్సు ఒడ్డంతా చూసుకుని, అటునుంచి పడమరకు పోయి, అక్టోబరు దాటాక గానీ రానంది. తోడెవరూ లేరు, అక్కర్లేదంది.

ఎవరైనా రిటైరై బండి కొంటే మా ఊళ్ళో తలా ఒక చెయ్యి వేస్తాం. కేకు ఇచ్చి చేతులు దులుపుకోవడం మాకు చేతకాదు, డ్రిల్లు పట్టుకుని వస్తాం. ఆర్లీన్ తమ్ముడు గ్లెన్ వెనక గోడకు నిచ్చెన బిగించి, పైకప్పు మీద వెనక వైపున ఒక సామాన్ల పెట్టె కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసిన ఆడవాళ్ళు పక్క గోడకు చుట్టుకునే గుడ్డ పందిరి అమర్చారు. నేను అందరికంటే పెద్ద మనసు చేసుకున్నాను. చట్రం వెనక కొసకు ఇనుప అరుగు ఒకటి వెల్డ్ చేసి, దాని మీద తాళం పడే ఇనుప పెట్టె కట్టి, లోపల జనరేటరు పెట్టాను. ఎక్కడో అడవిలో ఆమె చలికి వణకకూడదని నా ఆలోచన.

గ్లెన్ నిచ్చెన చూసి నేను ఊరుకోలేదు. మరలన్నీ ఉత్త నురుగులోకే దిగాయనీ, పిల్లి ఎక్కితే ఆగుతుందేమో గానీ వాడు ఎక్కితే వాడూ నిచ్చెనా కలిసే దిగుతారనీ అందరి ముందూ అన్నాను. వాడు నా అరుగు చూసి, దాని మీద పెళ్ళి చెయ్యొచ్చు పెద్దాయనా అన్నాడు. నేను దాన్ని మెప్పు కిందే జమ వేసుకున్నాను. అందరం పనివాళ్ళమే. ఎవరి పని వాళ్ళు చేసుకుపోయాం గానీ, మొత్తం కూడి చూసినవాడు మాత్రం లేడు.

ప్రయాణానికి ముందు బుధవారం నాడు ఆర్లీన్ ఎలా నడుస్తుందో చూద్దామని బండిని ఒక్కతే హైవే ఎక్కించింది. గంటకు యాభై మైళ్ళ దగ్గర పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దాటిందట. ఆ గాలికి బండి వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపు మునుపటి దానికంటే పెద్దది. కారు వెనక చక్రాలు కూడా జారాయి. ఎలాగో వేగం తగ్గి, రోడ్డు అంచున ఆగింది. తిరిగి ఇంటికి ఇరవై మైళ్ళ వేగంతో, వెనక వాళ్ళ హారన్లు తింటూ వచ్చింది. వస్తూనే బండి అమ్మేస్తానంది.

నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు? మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ ఉదయం కాఫీ నేను ఆర్లీన్ వరండాలోనే తాగాను. ఆమె పోతే ఆరు నెలలు ఆ వరండా వంక చూస్తూ కూర్చోవాలి. ఇష్టమని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే అంతా బాగానే నడుస్తోంది కదా అనుకున్నాను.

బండి ఎందుకు ఊగిందో నాకు వినగానే తెలిసిపోయింది. ట్రెయిలర్ ముందు నొగ కారు కొక్కెం మీద కొంత బరువు మోపాలి. మొత్తం బరువులో పదో వంతైనా అక్కడ పడాలి. వెనక బరువెక్కితే ముందు తేలుతుంది. ముందు తేలిన బండి తిన్నగా పోదు. చట్రాలు చేసినవాడికి ఇది అఆలతో సమానం. అయినా గురువారం నోరు విప్పలేదు. శుక్రవారమూ విప్పలేదు. ఆమె కాఫీ పోసింది, నేను తాగాను.

శనివారం ఉదయం గ్లెన్ వచ్చాడు. అమ్మకం బోర్డు ఎక్కడ పెట్టాలో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఇంత సరదాపడి కొన్నావు, ఎందుకు అమ్మడమని వాడు అడిగాడు. ఆర్లీన్ తన చేతులు ఒడిలో పెట్టుకుని వాటి వంకే చూసుకుంది.

"ముసలివైపోయాయిరా ఇవి. స్టీరింగు పట్టు తప్పింది. వీటిని నమ్ముకుని అంత దూరం పోలేను."

ఆ చేతులు పూసిన అతుకులో ఒక్క చుక్క నీరు దిగిందని ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ అనలేదు. నాకు సిగ్గేసింది. కాఫీ కప్పు కింద పెట్టేశాను.

"చేతులు బాగానే ఉన్నాయి ఆర్లీన్," అన్నాను. "బరువే చెడ్డ చోట ఉంది."

ఊళ్ళో ధాన్యం లారీలు తూచే కాటా శనివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. బండిని మెల్లగా అక్కడికి లాగించుకుపోయి, కొక్కెం విప్పి తూచాం. మూడు వేల నాలుగు వందల పౌండ్లు. బండి మోయగలిగిన హద్దుకు వంద తక్కువ. అంటే ఆమె ఇంకా ఒక్క దుప్పటి కూడా సర్దకుండానే మేము నింపేశామన్నమాట. తర్వాత మా స్నానాల గదిలో ఒంటి బరువు చూసుకునే కాటా తెచ్చి నొగ కింద పెట్టాను. మూడు వందల నలభై చూపాల్సిన చోట నూట నలభై చూపింది.

ఇంటికి తెచ్చాక ముందు గ్లెన్ నిచ్చెన, పైకప్పు పెట్టె తీయించాను. దొరికిందే సందని వాణ్ణి నాలుగు మాటలన్నాను కూడా. పాపం వాడు తల దించుకుని మరలు విప్పాడు. మళ్ళీ కాటా పెడితే నూట ఎనభై. గుడ్డ పందిరి ఇరుసుకు సూటిగా పైన ఉంది, గోడలో అల్యూమినియం పట్టీలు వెతికి మరీ వాటికే బిగించారు, దాని జోలికి పోనక్కర్లేదు. ఇక మిగిలిందేమిటో ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది.

"అరుగు గట్టిది," అన్నాను.

"గట్టిదని నాకు తెలుసు," అంది ఆర్లీన్. "అది ఉండాల్సిన చోటు అదేనా అని అడుగుతున్నా."

కాదన్నాను. ఇనుము కోసే గ్రైండరు తెచ్చి నా వెల్డింగు నేనే కోశాను. మంచి అతుకులు, తెగడానికి గంటన్నర పట్టింది. జనరేటరు, పెట్టె, అరుగు కలిపి రెండు వందల పౌండ్లు. అవి దిగాక నొగ మూడు వందల యాభై దాటింది. ఆర్లీన్ ఈలోగా నిచ్చెన మరల కన్నాల్లో ఒక్కొక్కదాంట్లో సీలెంట్ నింపి, వేలితో నునుపు చేసింది. ఆ వేలు ఎక్కడా వణకలేదు.

ఆఖరి కన్నం అయ్యాక నా వైపు తిరిగింది.

"ఇది నీకు బుధవారమే తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు బండి అమ్మేస్తే ఎక్కడికీ పోవు కదా అని. నువ్వు పోవడం నాకిష్టం లేదు."

గ్లెన్‌కు గ్యారేజీలో ఏదో పని గుర్తొచ్చింది. ఆర్లీన్ వేలికి అంటిన సీలెంట్‌ను గుడ్డతో నిదానంగా తుడుచుకుంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా చేతుల్ని నేను అనుమానించింది ఈ మూడు రోజులే, డ్వైట్. నీ ఇష్టం నోటితో చెప్పి ఉంటే వినేదాన్ని కదా."

తప్పయిందన్నాను. ఆమె సీలెంట్ మూత బిగించి లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక బండిని మళ్ళీ హైవే ఎక్కించింది. పక్క సీట్లో గ్లెన్‌ను కూర్చోబెట్టుకుంది, నన్ను పిలవలేదు. పట్టాల మీద వచ్చినట్టు ఊగకుండా వచ్చామని వాడు తర్వాత నాకు ఫోన్లో చెప్పాడు. ఆ రోజు కాఫీ నేను మా ఇంట్లోనే పెట్టుకున్నాను. చేదుగా కుదిరింది.

సోమవారం ఏడింటికి ఆమె బయటికి వచ్చేసరికి నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. పొమ్మనలేదు. గొలుసులు, లైట్లు, చక్రాల గాలి, అన్నీ వరసగా చూశాను. మొదటి యాభై మైళ్ళకు ఆగి చక్రాల నట్లు మళ్ళీ బిగించుకోమన్నాను.

ఆమె కారెక్కి అద్దం దించింది. "బిగించి ఫోన్ చేస్తా. నట్ల సంగతే చెప్తా. ఇంకేం అడక్కు."

"అడగను."

"రేపు అడుగు," అంది, కారు కదిలించింది.

మా వీధి చివర సోయా చేల మధ్య రోడ్డు మైలు దూరం కనిపిస్తుంది. బండి దాని మీద వేగం అందుకుంది. ఎదురుగా ధాన్యం లారీ ఒకటి వచ్చి దాన్ని రాసుకున్నట్టు దాటిపోయింది. ఆ ఒక్క క్షణం, దేవుడు నన్ను క్షమించాలి, ఒక్కసారి ఊగితే బాగుండుననిపించింది. బండి ఊగలేదు.