పాడె ముందు గొంతు

ఏడవనన్నాడు ఆదెన్న.

"ఒక్కసారి పెద్దాయనా. మీ ఆమె ఫోటో చూసి కండ్లు తుడుచుకుంటే చాలు. జనానికి తగుల్తాది," అంది షాలిని. నంద్యాల పిల్ల. సినిమావాళ్ళు దాచిన చావుల మీద డాక్యుమెంటరీ తీస్తూ, కెమెరామన్ నరేశ్‌తో ఆళ్లగడ్డకు, ఆదెన్న విగ్రహాలు చెక్కే షెడ్డుకు వచ్చింది.

"జనానికి తగిలేటట్టు ఏడ్చమని నా పెండ్లానికీ చెప్పినారు. ఏడ్చి ఏడ్చి సచ్చిపాయె. నన్ను గూడా ఆడికే పంపుతావా?"



మూడేళ్ళ కిందట, నడి వేసవిలో, ఊరి బయట ఒక ఫ్యాక్షన్ సినిమాకు శవయాత్ర తీశారు. శోకాలు పెట్టడానికి ఊరి ఆడవాళ్ళను కూలికి పిలిచారు. ఆదెన్న భార్య మహాలక్ష్మి గొంతెత్తిందంటే పాడె మోసేవాళ్ళకు కూడా కాళ్ళు సాగేవి కావు. అందుకే ఆమెను ముందు నిలబెట్టారు. నీడ లేదు, నీళ్ళు లేవు, తీసిందే మళ్ళీ తీశారు. ఆమె పడిపోయింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. షూటింగ్ చూడటానికి వచ్చిన మనిషి, మాకేం సంబంధమని పోలీసులకు చెప్పింది సినిమా కంపెనీ. సినిమాలో ఆమె ముఖం ఉన్న ముక్కలన్నీ కోసేసింది.

"ఆమె పని చేసిందని చూపియ్యల్లంటే యాడా ముఖం లేదు. అది తేలకుంటే మా లాయరు ఈ కథే తీసేయమంటాడు," అంది షాలిని.

"గొంతుంది గదా. పెట్టు ఆ సినిమా."

నరేశ్ ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. పాడె మీద పేరున్న నటుడు. సంగీతం కింద ఒక ఆడగొంతు. నంద్యాల థియేటర్లో ఆదెన్న గుర్తుపట్టింది దాన్నే. ఆ రోజు చుట్టూ విజిళ్ళు వేశారు. ఆ విజిళ్ళను అతను ఇప్పటికీ క్షమించలేదు.

"ఏమంటాంది?" అడిగాడు ఆదెన్న.

షాలిని చెవి దగ్గరగా పెట్టి వింది. "ఓబులేసా, నా తమ్ముడా, నన్నిడిసి పోతివా... అదేంది? సినిమాలో సచ్చినోడు వీరప్ప గదా?"

"బతికున్నోని మీద మా ఆడోళ్ళు శోకం పెట్టరు. అరిష్టం. పాడె మీదోడు ఊపిరి పీలుస్తాండె. అందుకని ఎప్పుడో పోయిన సొంత తమ్మున్ని తలుచుకోని ఏడ్చింది. ఆ దొరలకు ఏడుపంతా ఒకటే. ముఖం కోసినారు, ఈ పేరు ఇనల్యా."

"ఆ గొంతు డబ్బింగ్ అంటారు పెద్దాయనా," గొణిగాడు నరేశ్.

"అననీ. వాళ్ళ డబ్బింగమ్మకు నా బామ్మర్ది పేరు ఎవురు చెప్పినారంట?"

షాలిని ఫోటోను తీసి పక్కన పెట్టింది.

ఆదెన్న సగం చెక్కిన నంది పక్కన నిలబడి కెమెరాలోకి చూశాడు. భార్య పేరు చెప్పాడు. చేసిన పని చెప్పాడు. కంపెనీ పేరు, డైరెక్టరు పేరు విడివిడిగా, గట్టిగా చెప్పాడు. గొంతు వణకలేదు. నడుమ బేతంచెర్ల బండల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"సౌండు పడింది. ఇంకోసారి..." అన్నాడు నరేశ్.

"ఇంకోసారి లేదు," అంది షాలిని, ఆదెన్న నోరు తెరవకముందే. "లారీ గూడా ఉండనీ."

"కంపెనీ పేరు ఇనపడిందా?" అడిగాడు ఆదెన్న.

"బాగా ఇనపడింది పెద్దాయనా."

"అయితే పోండి. నాకు పనుంది."