వేర్లు దిగిన ఉల్లిగడ్డలు

కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడ్డాను కానీ అద్దం బిగుసుకుపోయి ఇంచు కూడా కదలదు, కామారెడ్డి బస్టాండులో ఎక్కినప్పటి నుంచి మూడుసార్లు గుంజాను, గోరు విరిగింది తప్ప గాలి రాలేదు, ఈ ఎల్లారెడ్డి బస్సులు ఎప్పుడూ ఇంతే, నాలుగింటికి ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో గ్రామసభ, పొద్దున్నే సర్పంచు భీమేష్ ఫోన్ చేశాడు, మేడం మీరు రావాలె, జనం మస్తు గరం మీదున్నరు, నీళ్ల రిపోర్టు వచ్చిన కాన్నుంచి నా ఇంటి ముంగటికెల్లి కదుల్తలేరు, రెండేండ్ల కింద మీరే గద మంచిగున్నయని చెప్పింది, అవును నేనే, బోటనీ లెక్చరర్ సుష్మిత, ఊరి బోరు నీళ్లు తాగవచ్చని అందరి ముందు నిలబడి చెప్పింది నేనే, ఇప్పుడు హైదరాబాదు ల్యాబు కాగితం మీద సీసం అని ఉంది, ఉండదగినదానికి ఆరింతలు, ఊరవతల పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు మూతపడి ఏండ్లయింది, దాని విషం మాత్రం భూమిలోకి దిగుతూనే ఉంది, ఒళ్లో టిఫిన్ డబ్బా దవాఖానకు ఎంత బరువుగా తీసుకుపోయానో అంత బరువుగానే ఉంది, అత్తమ్మ ఒక్క ముద్ద కూడా తినలేదు.

అప్పుడు ల్యాబు దాకా పోవడం ఎందుకులే అనుకున్నాను, ఎంత ధైర్యం నాకు, షెడ్డు పక్క పొలాల్లో రెండు బర్రెలు చచ్చిపోతే ఊరంతా బోరు నీళ్లు మానేసింది, ఫిల్టరు క్యాన్లు కొనుక్కోవడం మొదలుపెట్టింది, మేడం మీరు సదువుకున్నోళ్లు, తాగుమంటరా వద్దంటరా అని భీమేష్ అడిగితే నాకు పొంగొచ్చింది, ఆరు గాజు గ్లాసులు, ఆరు ఉల్లిగడ్డలు, అడుగున ఎండిన పాత వేర్లు బ్లేడుతో గీకేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా గ్లాసు మూతి మీద కూర్చోబెట్టడం, మూడింటిలో ఫిల్టరు నీళ్లు, మూడింటిలో బోరు నీళ్లు, ఐదు రోజులు, నీళ్లలో సీసంలాంటిది ఎక్కువగా ఉంటే ఉల్లిగడ్డ వేరు వెయ్యదు, వేసినా మొండిగా గోధుమరంగు తిరిగి ఆగిపోతుంది, మంచి నీళ్లయితే తెల్లగా దారాల్లా దిగుతుంది, ఇంత తేలిక పరీక్ష, మొక్క అబద్ధం ఆడదు అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో, ఐదో రోజు ఆరింటికి ఆరూ వేలెడు తెల్లటి వేర్లు, ఫొటోలు తీశాను, నోటుబుక్కులో రాశాను, ఊళ్లో చెప్పాను, ఆ వారమే క్యాన్లు ఆగిపోయాయి, మా ఇంట్లో కూడా, నేను ఎల్లారెడ్డిలో కాలేజీ నీళ్లు తాగేదాన్ని, మా ఆయన సుందర్ కామారెడ్డిలో ఆటో నడుపుతూ ఎక్కడ దొరికితే అక్కడ తాగేవాడు, రోజంతా గడప దగ్గర బీడీలు చేస్తూ, చెంబు పక్కన పెట్టుకుని, బోరు నీళ్లే తాగింది మా అత్తమ్మ భూదవ్వ ఒక్కతే.

ఈ పొద్దు దవాఖానలో డయాలసిస్ మిషను పక్కన అత్తమ్మ, చేతికి రెండు గొట్టాలు, ఒక దాంట్లోంచి నెత్తురు పోతూ ఇంకో దాంట్లోంచి వస్తూ, వారానికి రెండుసార్లు ఇదే, కిడ్నీలు పాడవడానికి షుగరూ ఉంది, వయసూ ఉంది, నీళ్లూ కావచ్చు, ఒక్క దాని వల్లనే అని చెప్పలేనమ్మా అన్నాడు డాక్టరు, సుందర్ మందుల కోసం కిందికి పోయాడు, నేను ఏడుపు ఆపుకోలేక, నా ఉల్లిగడ్డలు నన్ను మోసం చేసినయి అత్తమ్మా, ఊరందరి ముంగట ఇజ్జత్ పోయింది అన్నాను, ఇజ్జత్ అట, మనిషి నెత్తురు గొట్టాల్లో తిరుగుతుంటే నాకు ఇజ్జత్ గుర్తొచ్చింది, ఆమె నవ్వింది, పెదవులు పగిలిపోయి ఉన్నాయి, అయినా నవ్వింది, గడ్డల తప్పేమున్నది బిడ్డా, అవి పాడైపోతుంటే నేనే గద బతికించిన అంది.

బతికించడమేంది అత్తమ్మా అంటే, ఎంత ముచ్చటగా చెప్పిందో, మూడు మంచిగ మొలిచినయే, మూడు అడుగంత నల్లగయి అట్లనే కూసున్నయి, నువ్వు కాలేజీకి పోంగనే ఆ నీళ్లు పారబోసి క్యాను నీళ్లు పోసేదాన్ని, దినాం పోసిన, క్యాను అయిపోవద్దని నేను బోరు నీళ్లే తాగిన, తెల్లారేసరికి ఎట్ల దిగినయో సూడు వేర్లు అని, మిషను సూది ఉన్న చేయి కూడా ఎత్తి చూపించబోయింది, నర్సు కసిరింది, నా నోటుబుక్కులో ఉంది కూడా, రెండో రోజు బోరు గడ్డలకు వేర్లు లేవు, మూడో రోజు మొదలయ్యాయి, కొంచెం ఆలస్యం అని నా చేత్తోనే రాసుకున్నాను, ఎందుకు ఆలస్యం అని ఒక్క క్షణం ఆగలేదు, మంచి జవాబు వస్తుంటే ఎవరు ఆగుతారు, ఉల్లిగడ్డలు రెండో రోజే చెప్పాయి, నోరు నొక్కింది అత్తమ్మ, వేరే ఎవరైనా అయితే అక్కడే చెడామడా తిట్టేదాన్ని, తిట్టాను కూడా, లోపల, ఈ ముసలిదానికి ఎందుకమ్మా నా గ్లాసులతో పని, ఎవరు పొయ్యమన్నారు, ఎవరు బతికించమన్నారు, థూ, నా నోరు పడిపోను.

ఆమెది మహారాష్ట్ర అంచున మద్నూర్ దిక్కు, వాళ్లకు దసరాకు ఘటం కూర్చోబెట్టడం ఉంది, మట్టి పరిచి గోధుమలు చల్లి మధ్యలో నీళ్ల ముంత, తొమ్మిది రోజులు మొలకలు పచ్చగా లేవాలి, లేవకపోతే ఆ ఇంటి ఆడమనిషిదే బాధ్యత, మామ పోయిన ఏడు మొలకలు పసుపు తిరిగాయని ఇప్పటికీ తలుచుకుని ఏడుస్తుంది, ఇంట్లో నీళ్లు పోసి పెట్టిందేదీ మొలవకుండా ఉండనియ్యదు, కానీ అది కాదు, అసలు అది కాదు, నేను వద్దన్నా ఆమె చెప్పింది, గొంతు తగ్గించి చెప్పింది, అప్పటికి నీ కడుపు పోయి రెండు నెలలే గదనే, పొద్దున లేస్తే నీ కండ్ల ముంగట మొలవని గడ్డలు ఉండొద్దనుకున్న, సూస్తే నీ పాణం ఎట్లయితదో అని, అంతే బిడ్డా, అయిదో నెలలో పోయిన నా బిడ్డ, దాని గురించి ఈ రెండేండ్లలో ఆమె ఒక్కసారి కూడా మాట ఎత్తలేదు, ఆమెను రాయి మనిషి అనుకున్నాను, ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఇంట్లో నేను తాగిందీ ఆ నీళ్లే, వద్దు, అటు పోవద్దు, లింగంపేట వచ్చింది, ఎవరో దిగుతున్నారు, కండక్టరు కేకలేస్తున్నాడు, చున్నీతో మొహం తుడుచుకుంటుంటే పక్క సీటు ఆమె ఏమైందమ్మా అని అడిగింది, కంట్లో దుమ్ము అన్నాను, అద్దం మూసే ఉంది గదా అనుకుని ఉంటుంది.

గ్రామసభలో ఇప్పుడు ఏం చెప్పను, నిజం నా చేతిలో ఉంది, పరీక్ష తప్పు కాదు, నీళ్లు మార్చారు, మా అత్తమ్మ మార్చింది, ఈ నాలుగు మాటలతో నేను బయటపడతాను, భీమేష్ ఊపిరి పీల్చుకుంటాడు, కాలేజీలో తల ఎత్తుకుంటాను, ఆ తర్వాత ఊరు ఊరుకుంటుందా, భూదవ్వ నీళ్లు మార్చింది, భూదవ్వ వల్లనే, రేపు ఆమెను ఇంటికి తెస్తే పలకరించడానికి ఎవరొస్తారు, ఎల్లుండి ఏమైనా అయితే భుజం పట్టడానికి ఎవరొస్తారు, ఆమెకైతే తాను ఏం చేసిందో ఇప్పటికీ తెలియదు, నేను లేచి వస్తుంటే, ఏందే మొఖం గట్ల పెట్టినవ్, నేనేమన్న తప్పు జేసిన్నా అని అడిగింది, లేదు అత్తమ్మా అన్నాను, సరే అబద్ధమే ఆడతాను, తప్పు నాది అని చెబుతాను, ఆమె కోసం ఆ మాత్రం చెయ్యలేనా, త్యాగం, గొప్పదాన్ని, ఊరికి నేను మంచి కోడలిని, నాకు నేను నిర్దోషిని, ఎంత బాగా కుదిరింది.

ఎల్లారెడ్డి ఇండ్లు కనబడుతున్నాయి, జనం సంచులు సర్దుకుంటున్నారు, ఆ మొదటి రోజు నేను వంటింటి గూట్లో గ్లాసులు వరసగా పెడుతుంటే ఆమె బీడీల తునికాకు కత్తెర పట్టుకుని వచ్చి నిలబడింది కదా, ఏందే బిడ్డా గిది, గడ్డలను గ్లాసుల మీద కూసోబెట్టినవ్ అని అడిగింది కదా, కాలేజీ పని అత్తమ్మా అన్నాను, రాత్రి అన్నం తింటుంటే మళ్లా అడిగింది, ఎందుకే గవి, నీకు సమజ్ కాదు అత్తమ్మా, తిను అన్నాను, మర్నాడు బస్సుకు పరుగెత్తుతుంటే గడపలోంచి మూడోసారి, నల్లగైనయే, ఏం జేయాలె మరి, నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు, చెయ్యి ఊపాను, వేరు రాకపోతే నీళ్లు మంచివి కావన్నట్టు, దాన్ని అట్లనే ఉండనియ్యి అత్తమ్మా, ఇంతే, ఈ ఒక్క మాట చెప్పాల్సింది, ఆమెకు ఎందుకు సమజ్ కాదు, తొమ్మిది రోజుల మొలకలు చూసి ఇంటి మంచిచెడ్డలు చెప్పే మనిషికి నాకంటే ముందే సమజ్ అయ్యేది, అరవై మంది పిల్లలకు ఏడాదికోసారి బోర్డు మీద గీసి చెప్పేదాన్ని ఇంట్లో మూడుసార్లు అడిగిన మనిషికి చెప్పలేదు, ఇక అబద్ధం ఆడే పని లేదు, భీమేష్ మైకు ఇస్తే తప్పు నాది అని చెబుతాను, అది నిజమే.