చెయ్యివ్వని బొగ్గు

ఆ పొద్దున పెంపుడుకుక్క బొగ్గు అత్తగారికి చెయ్యివ్వలేదు. ఎప్పటిలాగే మంచం పక్కన కూర్చుంది, తోక ఊపింది. ఆవిడ ఎడమచెయ్యి చాపి "చెయ్యివ్వవే" అనగానే మాత్రం ముందుకాళ్ళు రెండూ పొట్టకిందికి లాక్కుని పడుకుంది.

కుట్టుమిషన్ ముందున్న కోడలు తొక్కడం ఆపేసింది. తప్పు తనది.

అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, వెటకారం మాటకంటే ముందే వచ్చింది. రానివి ఎడమచేతి వేళ్ళే. రోజూ పనిచెప్పకపోతే అవి బిగుసుకుపోతాయని వ్యాయామం నేర్పే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి వెళ్ళింది. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని అత్తగారు రెండోరోజే దాన్ని గిరాటేశారు. బొగ్గు బంతి తెచ్చి ఒళ్ళో పెట్టి, ఇంకేం కావాలన్నట్టు ముందుకాలు అందించింది. ఆ కాలు పట్టుకోవడానికి ఆవిడ వేళ్ళు మొదటిసారి కదిలాయి. అప్పట్నుంచి రోజూ ఇరవైసార్లు. లెక్క ఒక్కటి తగ్గినా ఆవిడ ఊరుకునేవారు కాదు.

నిన్నటిదాకా.

బొగ్గు గోళ్ళు పెరిగి గచ్చుమీద టకటకమంటున్నాయి. నేలకి తగలని లోపలివైపు గోరైతే వంకీ తిరిగి కండవైపు వస్తోంది. నిన్న సాయంత్రం కోడలు గోళ్ళ కట్టర్ కొనుక్కొచ్చింది. పదహారేళ్ళుగా బట్టలు కుడుతున్న చెయ్యి ఆమెది. గుడ్డమీద కత్తెర ఆగితే అంచు రంపంలా పళ్ళుపడుతుందని, గీత గీశాక ఒక్క ఊపులో పోనివ్వడం అలవాటు. "చెయ్యివ్వు" అని పిలిచింది. బొగ్గు నమ్మకంగా ఇచ్చింది. ఆమె ఒక్క ఊపులో కోసేసింది. నల్ల గోరు. లోపల రక్తం ఎక్కడిదాకా ఉందో పైకి కనబడదు. కుక్క కేక వీధి చివరిదాకా వినబడింది.

"నువ్వు దానికి చెయ్యిచ్చావు," అన్నారు అత్తగారు, చాపిన చేతిని దుప్పటిమీదికి దించుకుంటూ. "అది నాకు చెయ్యిచ్చింది. సరిపోయింది."

నవ్వు రావలసిన మాటే. కానీ ఆ చేతి బొటనవేలు మెల్లగా లోపలికి ముడుచుకోవడం కోడలు చూసింది.

ఆ మధ్యాహ్నమే బొగ్గుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కాంపౌండరు గోరు చూసి, "ఏమని పిలిచి కోశారు?" అని అడిగాడు.

"చెయ్యివ్వు అని."

"షేక్‌హ్యాండ్‌కి పిలిచి వేలు కోస్తే రెండోసారి నేనైనా రానమ్మా," అన్నాడు. "ఆ మాటని ఇక ఈ పనికి వాడకండి. దీనికి వేరే మాట పెట్టుకోండి, వేరే చోటు చూసుకోండి. నల్ల గోరు కదా, బియ్యపుగింజంత తియ్యాలి, కోసినచోటు చూడాలి. పొడిగా ఉంటే ఇంకో గింజంత. మధ్యలో తడిగా నల్లచుక్క కనబడిందా, అక్కడితో ఆపాలి. పొరపాటున రక్తమొస్తే మొక్కజొన్న పిండి అద్ది గట్టిగా నొక్కిపట్టండి."

"గోరు ఇంకా పొడుగ్గా ఉంటే?"

"ఉండనివ్వండి. వారానికోసారి కొంచెం కొంచెం తీస్తుంటే లోపలి కండా వెనక్కి పోతుంది. తొందర మీదే, దానికేం లేదు."

ఇంటికొచ్చి కోడలు మిషన్ పక్కన చాప పరిచింది. మెడలో టేపు వేసుకుని కూర్చుంది. ఆమెకి తోచిన మాట ఒక్కటే: "కొలతలు."

మొదటి రెండురోజులు కాలు ముట్టుకుని వదిలేసి ఉడికించిన గుడ్డుముక్క పెట్టింది. మూడోరోజు ఒక్కో వేలూ నొక్కింది. ఐదోరోజు కట్టర్ ఉత్తినే టక్కుమనిపించింది. బొగ్గు లేచిపోయింది. ఆరోరోజు మళ్ళీ వచ్చి కూర్చుంది, గుడ్డుకోసమే అయినా.

"కుక్కకి పూటకో గుడ్డు, నాకేమో ఆ బంతి," అన్నారు అత్తగారు.

"మీరు బంతి పట్టుకోండి, మీకు రెండు పెడతాను."

ఆవిడ బంతి వంక కూడా చూడలేదు.

పదోరోజు అసలు గోరు. బొగ్గు చాపమీద పక్కకి వాలింది. ఒక గింజంత. పొడి. ఇంకో గింజంత. పొడి. నాలుగోసారి మధ్యలో తడిచుక్క. ఆమె అనుకున్న కొలతకి గోరు ఇంకా చాలా ఉంది. పదహారేళ్ళ అలవాటు ముందుకి తోసింది. కోడలు కట్టర్ కింద పెట్టేసింది.

"సగంలో వదిలేశావేం?"

"ఇవ్వాళ్టికి ఇంతే అత్తయ్యా."

బొగ్గు గుడ్డు తిని మంచం దగ్గరికి నడిచింది. అత్తగారు పిలవలేదు. దుప్పటిమీది చేతిని అది అటూ ఇటూ వాసన చూసింది, తర్వాత కుడిచెయ్యి కూడా.

"సోదా చేస్తున్నావా? నా దగ్గర ఏ కత్తీ లేదే," అన్నారావిడ. గొంతు తగ్గించి, "చెయ్యివ్వవే" అన్నారు.

కాలు సగం లేచి దిగింది. మళ్ళీ లేచి ఆవిడ అరచేతిలో పడింది. వేళ్ళు ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి, బొటనవేలు అన్నిటికంటే ఆఖరున.

"ఒకటి," అన్నారు అత్తగారు.

ఆరు దగ్గర చెయ్యి అలిసిపోయింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసుకున్నారు.

"నా గోళ్ళూ పెరిగాయే అమ్మాయ్. రేపు నావీ చూడు. ఒక్క ఊపులో మాత్రం వద్దు."

"సరే," అంది కోడలు టేపు సర్దుకుంటూ. "చాపమీదికి రావాలి మరి."