విస్టిన్ మెడలోని నాణెం

వల్లెట్టా ఆదివారం సంతలో చెన్సా నాకు ఒక వెండి నాణెం అమ్మింది. సెయింట్ జాన్ యోధులు మాల్టాను ఏలిన రోజుల్లో ముద్రించినది. ఓడల రేవులో పేలుడుకు బలైపోయిన ఆమె కొడుకు విస్టిన్ దాన్ని మెడలో వేసుకునేవాడు. వాడి సమాధికి రాయి పెట్టించాలని అమ్ముకుంది.

నా నాణేల సేకరణలో లేనిది, దాని మీద ముద్రించి ఉన్న ఏడాది నాణెం ఒక్కటే. కానీ తాడు కోసం దానికి పొడిచిన రంధ్రం నాకు కంట్లో నలుసులా ఉండేది. కంసాలి చేత వెండితో పూడ్పించి, నున్నగా చేయించాను.

నవంబరులో ఆమె మా ఇంటికొచ్చింది.

"సాల్వూ, వాడు పోయి ఇవాళ్టికి ఏడాది. ఒక్కసారి చేతిలో పట్టుకుని ఇచ్చేస్తానయ్యా."

ఇచ్చాను. బొటనవేలితో అంచంతా తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇది వాడిది కాదు."

"అదే చెన్సా! రంధ్రం పూడ్పించానంతే."

"అమ్మేస్తే అమ్మేశానని చెప్పొచ్చుగా! ముసలిదాన్ని, నన్నెందుకు మాయ చేస్తావు?"

కంసాలి పేరు చెప్పాను. మరియమ్మ మీద ఒట్టేశాను. ఆమె నాణేన్ని బల్లమీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత సంతలో ఎప్పుడు కనబడినా ఒకటే మాట.

"వాడిది ఎవరికి అమ్మావో చెప్పు, సాల్వూ."